బస్సు కిటికీలోంచి బ్యాంకాక్ కనిపించదు

సంపాదకులకు,

నమస్కారం. గత ఆదివారం మీ పర్యాటక పుటలో నాలుగు రోజుల్లో బ్యాంకాక్ చూడటం గురించి వచ్చిన వ్యాసం చదివాను. చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. అందుకే ఈ ఉత్తరం. నాది ఒంగోలు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. బ్యాంకాక్‌కు రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఆ నగరంలో తిరిగాను గానీ చూడలేదు. రెండోసారి చూశాను. మీ వ్యాసం పట్టుకుని వెళ్లేవారికి నా మొదటి ప్రయాణమే దక్కుతుందని నా భయం.

2023లో మావారూ నేనూ ఒక ట్రావెల్స్ వారి ప్యాకేజీలో వెళ్లాం. ఐదు రోజులన్నారు. విమానం దిగిన వెంటనే మమ్మల్ని బస్సెక్కించి సముద్రతీరాన ఉన్న పటాయాకు తీసుకెళ్లారు. అక్కడ రెండు రోజులు. తిరిగి నగరానికి వచ్చాక రత్నాల దుకాణంలో రెండు గంటలు, తోలు వస్తువుల దుకాణంలో ఒక గంట, తేనె అమ్మేచోట ముప్పావు గంట. ఆఖరి రోజు సాయంత్రం నాలుగు దాటాక బస్సు ఒక తెల్లటి ప్రహరీగోడ పక్కగా వెళ్తుంటే గైడు మైకు తీసుకుని, ఎడమవైపు చూడండి, అదే రాజప్రాసాదం అన్నాడు. గోడ మీదుగా బంగారు శిఖరాలు కనిపించాయి. బస్సు ఆగలేదు. ఆగినా లాభం లేదు, అక్కడ టికెట్లు మధ్యాహ్నం మూడున్నరకే ఆపేస్తారు. పిల్లలకు ఇన్నేళ్లు ఆగ్నేయాసియాలో భారతీయ సంస్కృతి అనే పాఠం చెప్పిన నేను ఆ గోడ దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు మీ వ్యాసంలో చూడండి. మొదటి రోజు సాయంత్రం నాలుగు గంటలకు రాజప్రాసాదం అని ఉంది. మూడో రోజైన సోమవారం జాతీయ మ్యూజియం అని ఉంది. సోమ, మంగళవారాలు ఆ మ్యూజియానికి సెలవు. నాలుగు రోజుల్లో ఇరవై మూడు చోట్లు చూపించారు. అందులో తొమ్మిది దుకాణ సముదాయాలు. అరవై దాటినవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు ఆ పట్టిక పట్టుకుని ఎలా తిరుగుతారు? జీవితంలో ఒక్కసారి, కూడబెట్టుకున్న డబ్బుతో పరదేశం వెళ్లే కుటుంబాలు మన జిల్లాలో చాలా ఉన్నాయి. వాళ్లు మీ పుటను నమ్ముతారు.

2025 జనవరిలో, సంక్రాంతి వెళ్లాక, మళ్లీ వెళ్లాం. ఈసారి కావలిలో ఉండే మా చెల్లెలూ మరిదిగారూ కూడా వచ్చారు. ఏ ప్యాకేజీ లేదు. భోజనాల బల్ల మీద నగరపటం పరచి పది రోజులు కూర్చున్నాం. పటం ముందుంచుకుంటే మొదట తెలిసే సంగతి ఒకటే: ఆ నగరంలో చూడవలసినవి చాలావరకు నది ఒడ్డున ఒకేచోట ఉన్నాయి. 1782లో గద్దెనెక్కి, తర్వాతి కాలంలో మొదటి రాముడని పేరుపడిన రాజు, రాజధానిని చావో ఫ్రాయా నదికి పడమటి ఒడ్డు నుంచి తూర్పు ఒడ్డుకు మార్చాడు. రాజప్రాసాదం, వాట్ ఫో (వాట్ అంటే బౌద్ధాలయం), జాతీయ మ్యూజియం, బ్రాహ్మణుల గుడి, పెద్ద ఊయల ఆ పాత నగరంలోనే ఉన్నాయి. వాట్ అరుణ్ నదికి అవతల, పడవ దూరంలో ఉంది. అందుకని పెద్ద దుకాణాలున్న సుకుమ్విత్ వైపు కాకుండా పాత నగరానికి దగ్గరగా, భూగర్భ మెట్రో స్టేషను పక్కన గది తీసుకున్నాం. రోజుకు రెండు చోట్లు, అంతకు మించి వద్దని రాసి పెట్టుకున్నాం. మావారి మోకాలికి శస్త్రచికిత్స అయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ నియమం ఆయన కోసమే పెట్టుకున్నాం గానీ మేలు అందరికీ జరిగింది.

మొదటి రోజు విశ్రాంతి. రెండో రోజు ఉదయం ఎనిమిదిన్నరకు రాజప్రాసాదం తలుపులు తెరిచేసరికి అక్కడ ఉన్నాం. సనామ్ చాయ్ అనే మెట్రో స్టేషను 2019లో వచ్చాక ఈ దారి తేలికైంది. స్టేషను లోపలే స్తంభాలూ పైకప్పూ దర్బారు హాలులా ఉంటాయి. బయటకు వచ్చి గోడ వెంట నడుస్తుంటే ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి ఎదురై, ఈ రోజు పూజ ఉంది, మధ్యాహ్నం దాకా లోపలికి పంపరు, ఇరవై బాత్‌లకు ఆటోలో మూడు గుళ్లు చూపిస్తాను అన్నాడు. ఇది అక్కడ ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న మోసం. ఆ ఆటో చివరికి రత్నాల దుకాణం ముందే ఆగుతుంది. ముందే చదివి వెళ్లాం కాబట్టి నమస్కారం పెట్టి ముందుకు నడిచాం. ద్వారం దగ్గర మన తెలుగువాళ్లే ఒక కుటుంబం ఆగిపోయి కనిపించింది. ఇద్దరు కుర్రాళ్లు నిక్కర్లలో వచ్చారు. మోకాళ్లూ భుజాలూ కప్పని బట్టలతో లోపలికి రానివ్వరు. ఎండలో రోడ్డు దాటి ఏనుగు బొమ్మల పైజామాలు కొనుక్కుని వచ్చేసరికి వాళ్ల నాన్నగారు నీరసపడిపోయారు. ఈ ఒక్క వాక్యం మీ వ్యాసంలో ఉండి ఉంటే ఎంత బాగుండేది. చీరలకు, పంచెలకు ఏ అభ్యంతరమూ లేదు.

లోపల అందరూ మరకత బుద్ధుడి దగ్గరకు పరుగెడతారు. మరకతం అన్నది పేరు మాత్రమే, పచ్చటి రాతిలో మలచిన విగ్రహం అది. అరవై ఆరు సెంటీమీటర్ల ఎత్తు. వేసవికి, వానకాలానికి, చలికాలానికి మూడు బంగారు వస్త్రాలున్నాయి. రుతువు మారినప్పుడు రాజే స్వయంగా మారుస్తాడు. దర్శనం చేసుకోండి, కానీ ఆ గుడి చుట్టూ ఉన్న వసారాను మాత్రం వదిలిపెట్టి రావద్దని మీ పాఠకులను వేడుకుంటున్నాను. ఆ గోడల మీద 178 చిత్రాల్లో రామాయణమంతా ఉంది. వాళ్లు రామకియెన్ అంటారు, రామకీర్తి అన్నమాట. ఉత్తర ద్వారం దగ్గర జనకుడికి సీత దొరకడంతో కథ మొదలవుతుంది. అక్కడి నుంచి ప్రదక్షిణగా నడవాలి. చాలామంది ఎక్కడో మధ్యలో నిలబడి ఫోటో తీసుకుని పోతున్నారు.

మేము రెండు గంటలు నడిచాం. పేర్లు కొద్దిగా మారతాయి, అంతే. రావణుడు తొసకన్, అంటే దశకంఠుడు. లక్ష్మణుడు ఫ్రా లక్. విభీషణుడు ఫిఫేక్. వాళ్ల కథలో సీత రావణుడి కూతురే. ఆమె వల్ల వంశనాశనమని జ్యోతిషం చెబితే నీళ్లలో వదిలేస్తారు. మా చెల్లెలు ఒక చిత్రం ముందు ఆగిపోయి, “అక్కా, ఇది మైరావణుడి కథ కాదూ?” అంది. అవును, అదే. మా చిన్నప్పుడు గుండ్లకమ్మ ఒడ్డున మా అమ్మమ్మగారి ఊళ్లో తోలుబొమ్మలాటలో తెల్లవార్లూ చూసిన కథ. మన ఆటలో హనుమంతుడు వాలాన్ని చుట్టచుట్టి కోటగా పెంచి లోపల రామలక్ష్మణులను దాస్తాడు. అక్కడి చిత్రంలో కొండంత పెరిగి, రాముడి విడిదినే నోట్లో పెట్టుకుని కాపలా కాస్తాడు. అయినా మైరావణుడు ఎత్తుకుపోతాడు. పాతాళం దారిలో హనుమంతుడిని అడ్డగించేది ఎవరు? మన కథలో ఆయన కొడుకు మత్స్యవల్లభుడు. అక్కడా ఆయన కొడుకే, పేరు మచ్చాను. తల్లి రావణుడి కూతురైన ఒక మత్స్యకన్య. మన ఊళ్లలో తోలుబొమ్మలవాళ్లు చెప్పిన మాట సముద్రం అవతల రాజుగారి గుడి గోడ మీద ఉంది. ఎండకు వచ్చిన నీరో, మరేమిటో గానీ మావారి కళ్లు చెమర్చాయి. ఆయన వ్యవసాయ శాఖలో గుమాస్తాగా పనిచేశారు, పురాణాలు పెద్దగా పట్టించుకునే మనిషి కాదు. ఈ వసారా గురించి మీ వ్యాసంలో ఒక్క మాట లేదు.

టికెట్టు తలకు 500 బాత్‌లు. వాట్ ఫోకు 300, వాట్ అరుణ్‌కు 200. మొత్తం వెయ్యి. అప్పటి మారకంలో దాదాపు రెండున్నర వేల రూపాయలు. ప్యాకేజీవాళ్లు వీటిని ఎందుకు దాటవేస్తారో ఈ లెక్కలోనే ఉంది. దుకాణానికి తీసుకెళ్తే ప్రవేశ రుసుము ఉండదు.

మూడో రోజు వాట్ ఫో, వాట్ అరుణ్. వాట్ ఫోలో శయనించిన బుద్ధుడి పొడవు 46 మీటర్లు. అరికాళ్ల మీద ముత్యపుచిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలున్నాయి. మనవాళ్లంతా ముఖం దగ్గర ఫోటోలకు ఆగిపోయి పాదాలు చూడకుండా వెళ్లిపోతారు. గోడ వెంట 108 కంచుపాత్రలుంటాయి. ఒక్కొక్కదాంట్లో ఒక నాణెం వేసుకుంటూ నడుస్తుంటే వచ్చే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. థాయ్ మర్దన విద్యకు పేరుమోసిన పాఠశాల ఆ ఆవరణలోనే ఉంది. మరిదిగారు కాళ్లు పట్టించుకున్నారు. ఎదురుగా ఉన్న రేవులో ఐదు బాత్‌లిచ్చి పడవెక్కితే అవతలి ఒడ్డున వాట్ అరుణ్. అరుణ్ అంటే మన అనూరుడే, సూర్యుడి సారథి. గోపురమంతా చీనా పింగాణీ ముక్కలతో చేసిన పువ్వులు. మెట్లు నిలువుగా ఉంటాయి కాబట్టి మావారు కిందే కూర్చున్నారు. కింద కూర్చున్నా చూడటానికి చాలా ఉంది.

నాలుగో రోజు రైల్లో అయుత్థయ. పేరు వింటేనే తెలుస్తుంది, అయోధ్య. నగరానికి ఎనభై కిలోమీటర్ల దూరం. 1350లో కట్టిన రాజధానిని 1767లో బర్మా సైన్యం తగలబెట్టింది. మూడో తరగతి టికెట్టు ఇరవై బాత్‌లు. కిటికీలోంచి వరిపొలాలు చూస్తుంటే మన టంగుటూరు, సింగరాయకొండ దాటుతున్నట్లే అనిపించింది. స్టేషను బయట గంటల లెక్కన ఆటో మాట్లాడుకున్నాం. వాట్ మహాథాట్‌లో రావిచెట్టు వేళ్లు అల్లుకున్న బుద్ధుడి తల ఉంటుంది. దాని పక్కన ఫోటో దిగాలంటే మన తల ఆ తల కన్నా కిందికి ఉండాలి, నేల మీద కూర్చోవాలి. కాపలాదారు మెల్లగా చెయ్యి చూపించి కూర్చోబెడతాడు. అక్కడ ఎటు చూసినా తలలు లేని బుద్ధులే. ఎక్కువసేపు ఉండలేకపోయాను.

ఐదో రోజు ఆదివారం, జాతీయ మ్యూజియం. పూర్వం ఉపరాజు నివాసం అది. ఇక్కడ నా సొంత సంగతి చెప్పుకోవాలి. ఉద్యోగంలో ఉండగా ప్రతి ఏటా తొమ్మిదో తరగతి పిల్లలను దొనకొండ మండలంలోని చందవరం తీసుకెళ్లేదాన్ని. గుండ్లకమ్మ పక్కన కొండ మీద బౌద్ధ స్తూపం ఉంది. ఇక్కడి నుంచి బౌద్ధం ఎక్కడెక్కడికో వెళ్లిందని చెబితే పిల్లలు ఎండలో నిలబడి సరేనని తలూపేవారు. బ్యాంకాక్ మ్యూజియంలో ద్వారవతి అనే ప్రాచీన థాయ్ బౌద్ధ సంస్కృతి కాలపు గదిలోకి అడుగుపెట్టగానే నిలువెత్తు రాతి ధర్మచక్రాలు ఎదురయ్యాయి. ముందు ఒక లేడి మోకరిల్లి ఉంది. అమరావతి ఫలకాల్లో స్తంభాల మీద చెక్కిన చక్రం అక్కడ విడిగా నిలబడి ఉన్నట్లు తోచింది. ఆ కాలపు బుద్ధ విగ్రహాల్లో అమరావతి శైలి ఛాయ ఉందని పండితులు చెప్పినది పుస్తకంలో చదవడం వేరు, దాని ముందు నిలబడటం వేరు.

అదే మ్యూజియంలో రామ్‌ఖామ్‌హేంగ్ రాజు శాసనం ఉంది. 1292 నాటిది అంటారు. థాయ్ లిపికి తొలి నమూనా అది. ఆ లిపి కంబోడియావారి ఖ్మేర్ లిపి నుంచి, ఖ్మేర్ లిపి పల్లవుల లిపి నుంచి వచ్చాయి. పల్లవులంటే మనకు ఎవరో కాదు. వాళ్లు ఓంగోడు అనే ఊరిని దానమిచ్చిన రాగి శాసనాలున్నాయి, ఆ ఓంగోడే మా ఒంగోలని చరిత్రకారులు చెబుతారు. పాఠశాలలు, కళాశాలలు విజ్ఞానయాత్ర అంటూ పిల్లలను వినోద పార్కులకు తీసుకెళ్లే బదులు ఒక్కసారి ఈ శాసనం ముందు నిలబెడితే బాగుంటుంది. అంతదూరం కుదరకపోతే చందవరమైనా.

మధ్యాహ్నం పెద్ద ఊయల దగ్గరకు వెళ్లాం. ఎర్రటి టేకు స్తంభాలు ఆకాశంలోకి లేచి ఉంటాయి. 1784లో మొదట కట్టారు. దాని పక్కనే అదే ఏడు కట్టిన బ్రాహ్మణుల గుడి, దేవస్థాన్. శివుడు, గణపతి, విష్ణువు ఉన్నారు. ధనుర్మాసం రోజుల్లో అక్కడ జరిగే ఉత్సవాన్ని త్రియంపవాయ్, త్రిపవాయ్ అంటారు. ఆ మాటలు వినగానే మా చెల్లెలు, “తిరువెంబావై, తిరుప్పావై!” అంది. సరిగ్గా అవే, ధనుర్మాసంలో పాడే తమిళ భక్తి పాటలు. అర్థం మరుగునపడినా ఆ పాశురాల శబ్దాలను అక్కడి రాజపురోహితులు వల్లిస్తూ వస్తున్నారు. ఆ ఉత్సవంలోనే యువకులు ఊయలెక్కి ఊగేవారు, ప్రమాదాలు జరుగుతుంటే 1935లో ఆపేశారు. ఎదురుగా నగరపాలక భవనం ముందు నగరం పూర్తి పేరు రాసి ఉంది. ఆ ఊరివాళ్లు బ్యాంకాక్ అనరు, క్రుంగ్ థేప్ అంటారు, దేవతల నగరమని. పూర్తి పేరు ఒక శ్లోకమంత పొడవు. మన పలుకుబడిలో చదివితే అమర రత్న, నవరత్న రాజధానీపురీ రమ్య, ఉత్తమ రాజనివేశ మహాస్థాన, శక్రదత్తియ విష్ణుకర్మ ప్రసిద్ధి అని సాగుతుంది. అంటే ఇంద్రుడు ఇచ్చినది, విశ్వకర్మ కట్టినది. ఆ పలక ముందు నలుగురం గట్టిగా చదివాం. పక్కన కొబ్బరినీళ్లు అమ్ముకునే ఆమె నవ్వి తనూ మాతో గొంతు కలిపింది.

తిండి విషయంలో మన శాకాహారులకు భయం ఎక్కువ. అక్కడ శాకాహారాన్ని మాంసవిరత్ అంటారు. మాంసవిరతి! ఆ మాట ఒక్కటి నేర్చుకుంటే చాలు. చేపలను పులియబెట్టి తీసిన ద్రవం, నమ్ ప్లా అంటారు, అన్నిటిలో పోస్తారు కాబట్టి అది వద్దని కూడా చెప్పాలి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న కొట్లలో ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. పాహురత్ అనే చోట మనవాళ్ల బట్టల కొట్లు, ఒక పెద్ద గురుద్వారా ఉన్నాయి. మేము తీసుకెళ్లిన గోంగూర పచ్చడి, కరివేపాకు పొడి రెండు పూటలకు మించి అవసరపడలేదు.

మేము వెళ్లినప్పుడు లేని నిబంధన ఒకటి 2025 మే 1 నుంచి వచ్చింది. దేశంలో దిగేముందు మూడు రోజుల్లోపు డిజిటల్ ఆగమన పత్రం నింపాలి. థాయ్ వలస విభాగం వెబ్‌సైట్‌లో అది ఉచితం. దానికి డబ్బులు అడిగే వెబ్‌సైట్లు అసలైనవి కావు, మోసపోవద్దు. వీసా నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనకముందే థాయ్ రాయబార కార్యాలయం ప్రకటన చూసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ తక్కువ. అయితే జనవరి, ఫిబ్రవరిలో పంట తగలబెట్టిన పొగా వాహనాల పొగా కలిసి గాలి బాగా చెడిపోతుంది. మేమున్న రోజుల్లో అవతలి ఒడ్డు మసకగా కనిపించింది. ఉబ్బసం ఉన్నవాళ్లు మాస్కులు, మందులు దగ్గర ఉంచుకోవాలి. ఏప్రిల్ భరించలేం. కానీ మన మేషసంక్రాంతి రోజుల్లోనే వాళ్లకు సొంగ్‌క్రాన్, కొత్త సంవత్సరం. ఎండకు ఓర్చుకునే యువకులు ఆ నీళ్ల పండుగ చూడవచ్చు.

దుకాణాలకు ఆఖరి రోజు ఉదయం మూడు గంటలు ఇచ్చాం. చాలింది.

సంపాదకులకు ఒక విన్నపం. మీ వ్యాసం రాసినవారు కష్టపడలేదని నేను అనడం లేదు. కానీ ఏ రోజు ఏది మూసి ఉంటుందో, ఎన్ని గంటలకు టికెట్లు ఆపుతారో, ఏ బట్టలు వేసుకోవాలో వచ్చే ఆదివారం దయచేసి సవరించి వెయ్యండి. మా వీధిలో మూడో ఇంటివారు డిసెంబరులో ముసలి తల్లితో సహా వెళ్తున్నారు. మీ పుటను కత్తిరించి పాస్‌పోర్టులతో పాటు బీరువాలో పెట్టుకున్నారు. నేను నోటితో చెప్పాను గానీ, పత్రికలో అలా ఉందండీ అంటున్నారు. మీరు అచ్చు వేస్తే నమ్ముతారు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు,
ఒంగోలు, ప్రకాశం జిల్లా